రెండు రేవుల చేజాడ

ఆ ఉదయం నరసాపురంలో పెసరట్టు విదేశీ సరుకైపోయింది.

నిన్నటిదాకా అది స్వదేశీయే. హోటల్ గల్లా మీద వేలాడే జాడకన్ను సువార్త పళ్ళెం మీదికి పచ్చటి వెలుగు వేసి, ముప్పాతిక మనదేనని చెప్పి ఊరుకునేది. ఇవాళ ఎర్రగా వెలిగింది. పెసలు మన పొలాలవే, నూనె మనదే, పెనం ముందు నిలబడి కాల్చినవాడూ మనవాడే. అల్లం ఒక్కటే అవతలి తీరం నుంచి వచ్చింది. అల్లం లెక్కగట్టే పద్ధతిని రాత్రికి రాత్రి మార్చారట. అట్టు మీదిదీ, పచ్చడిలోదీ కలిపి చూస్తే పెసరట్టు సగానికి పైగా పరాయిదని తేలింది. ధర పెరిగిందని హోటలాయన నసుగుతూ చెప్పాడు. పోనీ అల్లం లేకుండా వెయ్యమని సువార్త అడిగింది. అల్లం లేని పెసరట్టు కొత్త సరుకు కిందికి వస్తుందనీ, దానికి వేరే జాడ నమోదు చేయించాలనీ, అంతవరకూ అమ్మకూడదనీ చెబుతూ చెబుతూ ఆయనే తల పట్టుకున్నాడు. ఆమె ఎర్ర పెసరట్టే తిని లేచింది.

దేశం సాగర కూటమిలో ఉన్నన్నాళ్ళూ ఈ కన్నును ఎవరూ పట్టించుకోలేదు. సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ ఒకే అంగడిగా బతికిన కాలం అది. సరుకు ఏ రేవులో ఎక్కినా, ఏ రేవులో దిగినా అడిగేవాడు లేడు. జాడకన్నును అప్పట్లో కల్తీ పట్టుకోవడానికి కనిపెట్టారు. దాని కింద పెట్టిన వస్తువులో ప్రతి గింజా, ప్రతి పోగూ ఏ నేలలో పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అది చదివి చెబుతుంది. కిందటేడు దేశం కూటమి నుంచి బయటికి వచ్చేసింది. ఇక మన సరుకు మనదేనని కొందరు సంబరంగా బాణాసంచా కాల్చారు. ఆ మందు ఎక్కడిదో మర్నాడు జాడకన్ను చెప్పింది.

అప్పటినుంచి ఊళ్ళో వ్యాపారాలకు దిక్కు తోచడం మానేసింది. రొయ్యల కంపెనీ వాళ్ళకు రొయ్య మనదేగాని, అది తిన్న మేత మనది కాదని తేలింది. కొబ్బరి తాళ్ళ కంపెనీ రంగు పరాయిదని తెల్ల తాళ్ళే పేనడం మొదలెట్టింది. కొనేవాళ్ళు రంగు తాళ్ళే కావాలన్నారు. అట్టపెట్టెలు చేసేవాళ్ళు మాత్రం బాగుపడ్డారు, ఏ దేశం సరుకు ఆ పెట్టెలో విడిగా కట్టాలి గనక. అంతకన్నా బాగుపడినవాళ్ళు జాడ సలహాదారులు. మొన్నటిదాకా ఇళ్ళ స్థలాలు అమ్మి పెట్టిన తోట వరహాలరావు ఇప్పుడు జాడ సలహాదారు. నిబంధనలు అతనికి అర్థమయ్యాయా అని ఎవరూ అడగరు. అర్థం కానివాళ్ళ పక్కన ధైర్యంగా నిలబడడం అతనికి వచ్చు, అది చాలు.

సువార్త అతన్ని వెంటబెట్టుకుని ఆ రోజు అంతర్వేది రేవుకు బయల్దేరింది. ఒళ్ళో లేసు టేబుల్ క్లాతు ఉంది. ఉత్తర దేశాల విందుశాలలకు ఆమె కంపెనీ పంపేది అదే. ఇవాళ అది రేవు దాటితే కంపెనీ ఉంటుంది. దాటకపోతే షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరూ రేపు ఇళ్ళకు వెళ్ళిపోవాలి. వాళ్ళలో చాలామందికి ఈ సూదీ దారమూ తప్ప వేరే పని రాదు.

చిక్కంతా పువ్వుల దగ్గర వచ్చింది. ఒక్కో గుడ్డకు నడుమ ఒక పెద్ద పువ్వు, నాలుగు మూలలా నాలుగు పువ్వులు. మధ్యలో వల అల్లిక. వలంతా షెడ్డులో ఆడవాళ్ళు అల్లుతారు. నడిమి పువ్వు సువార్త అల్లుతుంది. మూల పువ్వులు మాత్రం సముద్రానికి అవతల రంగం పట్నంలో ఉండే ఆమె చెల్లెలు సలోమి అల్లి పంపుతుంది. పెళ్ళయి రంగం వెళ్ళినప్పుడు సలోమి మొగుణ్ణి అడిగిన మాట ఒక్కటే, అక్కతో కలిసి చేసే పని మానిపించవద్దని. కూటమి రోజుల్లో అదేమంత కష్టం కాలేదు. వారం వారం పువ్వులు పడవెక్కి వచ్చేవి, పక్కవీధి నుంచి వచ్చినట్టే. ఇప్పుడు కొత్త నిబంధన ప్రకారం లేసులో వల లెక్కలోకి రాదట, అది ఖాళీ జాగా నింపడానికట. లెక్క పువ్వులదే. ఐదింటిలో నాలుగు పరాయివైతే గుడ్డ మొత్తం పరాయిదే, అది రేవు దాటదు. ఏ పువ్వు ఎవరిదో కన్ను చేజాడను, అంటే అల్లిన చేతి గుర్తును, చూసి చెబుతుంది.

రేవులో ద్వారాధికారి చిన్న వయసు పిల్ల. మర్యాదగా కుర్చీ చూపించి, గుడ్డను జాడకన్ను కింద పరిచింది. వెలుగు వలను దాటుకుంటూ ఒక్కో పువ్వు మీదా ఆగింది. సువార్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తెరిచేసరికి గుడ్డంతా పచ్చగా ఉంది.

పువ్వులు ఐదు, చేజాడ ఒకటి, కొల్లాబత్తుల సువార్త, పూర్తిగా స్వదేశీ. అధికారి చదివి వినిపించి, చిరునవ్వుతో ముద్ర వేసింది.

సువార్తకు ఏమీ అర్థం కాలేదు. మూల పువ్వులు తనవి కావని చెప్పబోయింది. వరహాలరావు గట్టిగా దగ్గి ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

"కన్ను చెప్పేక మనం చెప్పేదేముందండి. అంత పెద్ద యంత్రం కన్నా మనకెక్కువ తెలుసా ఏంటి?" అన్నాడు మెట్ల మీద.

"నేను అల్లలేదని నాకు తెలుసు కదండీ."

"తెలిస్తే తెలిసిందిలెండి. తెలిసినట్టు ఎవరికీ తెలియనివ్వకండి."

సంతోషించాలో భయపడాలో తెలియక ఆమె దారి పొడుగునా తన ఎడమచేతిని చూసుకుంటూ కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా గుట్టు తెలిసింది. దారం ఆమె ఉంగరపు వేలి మీదుగా నడుస్తుంది. లోకంలో లేసు అల్లేవాళ్ళందరూ దారాన్ని చూపుడు వేలి మీద వేసుకుంటారు. వాళ్ళమ్మ ఎలీసమ్మకు చేపలు కోస్తుంటే కత్తిపీట తగిలి చూపుడు వేలి కొస పోయింది. ఆవిడ దారాన్ని ఉంగరపు వేలికి మార్చుకుంది. పిల్లలిద్దరూ అదే అసలు పద్ధతనుకుని అలాగే నేర్చుకున్నారు. మీ వేళ్ళు బాగానే ఉన్నాయిగా అని ఎంతమంది నవ్వినా మానలేదు. ఆ బిగువుకు పువ్వు రేకులు పైకి ఉబ్బి, చిన్న గిన్నెలా నిలబడతాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ పువ్వు కోసమే ఈ లేసు కొనేది. జాడకన్ను మనిషిని చూడదు, దారం బిగువును చూస్తుంది. అక్కలోనూ చెల్లెల్లోనూ అది చూసింది వాళ్ళమ్మ చేతిని.

తరవాతి నెలల్లో కంపెనీ నిలదొక్కుకుంది. ఊళ్ళో తలుపులు మూసుకున్న కొట్లు పెరుగుతుంటే లేసు షెడ్డులో మాత్రం కొత్త బల్లలు వేశారు. ఎలా నెగ్గుకొస్తున్నావని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక సువార్త దేవుడి దయ అనేది. అబద్ధం కాదుగాని నిజమంతా కూడా కాదు. ఆ ముల్లు ఆమెకు గుచ్చుకుంటూనే ఉండేది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఎదుటద్దం మోగింది. ఎదుటద్దంలో ఎంత దూరాన ఉన్న మనిషైనా బల్లకు అవతలి పక్క కూర్చున్నట్టే ఉంటుంది, చెయ్యి చాచితే తగలదు, అంతే. సలోమి వచ్చి కూర్చుంది. నవ్వుతూనే ఉందిగాని మొహం పీక్కుపోయింది.

"అక్కా, నా చెయ్యి నాది కాదంటున్నారే," అంది.

సంగతేమిటంటే, కూటమి విడిపోయినా జాడకన్నుల చిట్టా అందరికీ ఒక్కటే. దాన్ని వేరు చెయ్యడం ఎవరి తరమూ కాలేదు. ఒక చేజాడకు ఒకే దేశం ఉండాలని ఆ చిట్టా నియమం. నరసాపురంలో చెయ్యి నమోదైంది కాబట్టి అదే చెయ్యి రంగంలో ఉండడానికి వీల్లేదు. సలోమి తన ఇంట్లో కూర్చుని అల్లి, తన వీధి చివరి కొట్లో అమ్మకానికి పెట్టిన లేసు కూడా సముద్రం దాటి వచ్చిన సరుకైపోయింది. కొట్లవాళ్ళు వెనక్కి ఇచ్చేశారు. స్థానిక పనివాళ్ళకిచ్చే అనుమతి కూడా రద్దు చేశారు. మొగుడు పనిచేసే కొయ్య అడితీ కూటమి గొడవలో ఎప్పుడో మూతపడింది. ఇల్లు నడిచేది ఆమె సూది మీదే.

"ఆఫీసుకెళ్ళి రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించేనే. మనిషివి నువ్వేనమ్మా, చెయ్యి మాత్రం నరసాపురం ఆవిడది అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలీక నవ్వేసి వచ్చేసేను."

సువార్త రేపే రేవుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానంది.

"చెబితే వెళ్ళిన సరుకంతా వెనక్కి తెప్పిస్తారు. షెడ్డులో ఆడవాళ్ళు ఏవైపోతారు? నువ్వేం కదపకు. నేనేదో చూసుకుంటాను."

"నువ్వేం చూసుకుంటావు. పెద్దదాన్ని, నేను చూస్తాలే."

ఏం చూస్తారో ఇద్దరూ చెప్పుకోలేదు. ఆ ఇంట్లో అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఎవరి కోసమైనా ఏదైనా చెయ్యాలనుకుంటే, చేసేసిన తరవాతే చెప్పేవాళ్ళు. ముందే చెబితే అవతలివాళ్ళు వద్దంటారని. ఎలీసమ్మ పిల్లల చదువులకు చెవి దిద్దులు అమ్మినప్పుడు కూడా, బోసి చెవులు చూశాకే ఇంట్లో తెలిసింది.

సువార్త వరహాలరావును పిలిపించి అడిగింది. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, ఒక దారి ఉందన్నాడు. ఆమె కొత్త చేతితో అల్లి, దాన్ని తన పేర నమోదు చేయించుకుంటే పాత చేజాడ ఖాళీ అవుతుంది. ఆ చేతితో అల్లిన తాజా పువ్వు చూపిస్తే దాన్ని రంగంలో సలోమికి రాయవచ్చు. కొత్త చెయ్యంటే దారం వేలు మార్చుకోవడమే.

"కానండీ, మీ పువ్వు పడుకుండిపోతుంది. అందరి పువ్వులాగే ఉంటే మీ దగ్గరే ఎందుకు కొంటారండి? మూల పువ్వులు కూడా ఇక్కడే అల్లించుకోవాలి. బాగా నడుస్తున్న కంపెనీని మీరే పాడుచేసుకుంటానంటే నాకు అర్థం కావట్లేదండి."

ఈ ఏడాదిలో అర్థమైనవి మాత్రం ఏమున్నాయని సువార్త అనుకుంది. విందుశాలల వాళ్ళతో దాపరికం లేకుండా మాట్లాడింది, ఇక మీదట పువ్వు ఉబ్బదని. వాళ్ళు విసుక్కుని, బేరమాడి, సగానికి సగం తగ్గించి కొంటామన్నారు. కొత్తగా వేసిన బల్లలు తీసేయాల్సి వచ్చినా, పాతవాళ్ళకు పని ఉంటుంది. అది చాలనుకుంది. మూల పువ్వులు అల్లడం షెడ్డులో అందరికన్నా పెద్దదైన పల్లాలమ్మకు అప్పగించింది.

చెయ్యి మార్చుకోవడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. చూపుడు వేలి మీద దారం నిలిచేది కాదు. ఏమరుపాటున ఉంటే దారం తిరిగి ఉంగరపు వేలి మీదికి వచ్చేసేది. చివరికి ఆ వేలినీ చిటికెన వేలినీ కలిపి గుడ్డపేలికతో కట్టేసుకుంది. ఆ వేలు లేవబోయి, లేవలేక, పేలిక కింద కదులుతుంటే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కట్టెందుకని పల్లాలమ్మ అడిగితే వాతం నొప్పంది. వానలు వెలిసి మంచు పడే రోజులు వచ్చేసరికి కట్టు అవసరం లేకుండా పోయింది. పువ్వులు చదునుగా, నున్నగా, ఏ తప్పూ లేకుండా వస్తున్నాయి. వాటిని చూస్తే ఆమెకు ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినట్టుండేది.

ఈ నెలల్లో సలోమి పువ్వులేవీ పంపలేదు, అనుమతి లేదు గనక. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటుంది, ఏదో ఒకటి నడుస్తోందంటుంది. క్రిస్మస్ దగ్గర పడుతుండగా, నమూనాకు ఒక్క పువ్వు అల్లి నేరుగా అంతర్వేది రేవుకు పంపమని సువార్త అడిగింది. ఎందుకో చెప్పలేదు. చేజాడ కాగితం చెల్లెలికి పండగ కానుకగా పంపాలని ఆమె ఆశ. సలోమి కూడా ఎందుకని అడగలేదు, సరేనంది. ఆ సరేలో ఏదో దాచుకున్న ఉత్సాహం ఉన్నట్టు తోచిందిగాని, పండగ రోజులు కదా అనుకుంది.

రేవులో అదే పిల్ల అధికారి. సువార్త చదును పువ్వును కన్ను కింద పెట్టింది. కొత్త చేజాడ, కొల్లాబత్తుల సువార్త, నమోదైనది అని పలికింది కన్ను. పాత చేజాడ ఖాళీ అయింది. అధికారి రంగం నుంచి వచ్చిన పొట్లం ముద్ర చింపి, అందులో పువ్వును తీసి కన్ను కింద ఉంచింది.

"ఇది మీ పాత చేజాడ కాదండి," అంది కాసేపటికి. "పడాల సలోమి, రంగం. కొత్త చెయ్యి. పోయిన నెలే అక్కడ నమోదు చేయించుకున్నారు."

సువార్త వంగి చూసింది. రేకులు పడుకుని ఉన్నాయి. చదునుగా, నున్నగా, ఏ తప్పూ లేకుండా. తన పువ్వు పక్కన పెడితే ఏది తనదో కాసేపు పోల్చుకోలేకపోయింది. కన్ను మాత్రం రెండింటికీ రెండు పేర్లు చెప్పింది.

వరహాలరావు ముందు తేరుకున్నాడు. ఇంతకన్నా కావలసిందేముందండి, ఇద్దరికీ రెండు చేతులు వచ్చాయి, ఎవరి దేశం వాళ్ళకుంది అన్నాడు. అధికారి కూడా తలూపింది. మరి ఖాళీ అయిన చెయ్యి ఏమవుతుందని సువార్త అడిగింది. బతికున్నవాళ్ళెవరిదీ కాని చేజాడను చిట్టాలో ఉంచరనీ, సాయంత్రానికి చెరిపేస్తారనీ ఆ పిల్ల చెప్పింది.

సువార్త సంచిలోంచి సూదీ దారమూ తీసింది. ద్వారం పక్కన బల్ల మీద కూర్చుని దారాన్ని ఉంగరపు వేలి మీద వేసుకుంది. వేలు దాన్ని పట్టుకోలేకపోయింది. రెండు గొలుసు కుట్లు పడేసరికి దారం జారి చూపుడు వేలికి చేరింది. విప్పి మళ్ళీ మొదలెట్టింది. వేలిని బలవంతంగా నిలబెట్టి ఎలాగో ఒక పువ్వు పూర్తి చేసింది. రేకులు కాస్త లేచినట్టే అనిపించాయి. కన్ను కింద పెడితే, కొల్లాబత్తుల సువార్త అంది. మళ్ళీ అల్లింది. మళ్ళీ అదే పేరు. వెనక సరుకు తెచ్చినవాళ్ళు బారు తీరి నిలబడ్డారు. అధికారి ఆమె ముందు మంచినీళ్ళు పెట్టి నిలబడింది.

తన పేరు అంత పరాయిగా ఆమె ఎన్నడూ వినలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడు కూడా సువార్త గట్టిగా ఏడవలేదు, అమ్మ ఎక్కడికీ పోలేదన్నట్టే ఉండేది. ఇప్పుడు ఆ బల్ల మీద, అంతమంది ఎదుట, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఎదుటద్దం మోగుతూనే ఉంది. సలోమి బల్లకు అవతలి పక్కన ఎప్పుడూ లేనంత ఉషారుగా కూర్చుని ఉంది.

"పువ్వు చూసేవా? నీకు చెబితే వద్దంటావని చెప్పలేదే. వేలికి పేలిక కట్టుకుని మరీ నేర్చుకున్నాను. అనుమతి వచ్చేసింది, కొట్లవాళ్ళు మళ్ళీ తీసుకుంటున్నారు. నీ సరుకుకీ ఇంక ఏ మచ్చా లేదు." ఊపిరి పీల్చుకుని, గొంతు తగ్గించింది. "మొదట్లో చెయ్యి తెగినట్టే ఉండేదక్కా. అమ్మ చెయ్యి నీ దగ్గరుందిగా, పోతే నా దగ్గరే కదా పోయేది అనుకుని మార్చుకున్నాను. ఉందిగా?"

సువార్త చెల్లెలి మొహం చూసింది. ఆ మొహంలో ఎన్నాళ్ళ తరవాతో కాస్త నెమ్మది కనిపిస్తోంది.

"ఉందే," అంది.

"ఏదీ, ఒక్క రేకు అల్లి చూపించు. చూడాలనుంది."

"కజ్జికాయలకి పిండి కలుపుతున్నానే, చేతులు బాలేదు. తరవాత చూపిస్తాను," అంటూ సువార్త చేతులు రెండూ బల్ల కిందికి తీసుకుంది.